ఎండాకాలంలో డెస్క్‌టాప్ కంప్యూటర్: ఫ్యాన్లు, గాలి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి మొదలైతే చాలు, కంప్యూటర్ అసెంబుల్ చేసేవాళ్లకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "హీటెక్కిపోతోంది, ఇంకో నాలుగు ఫ్యాన్లు వేయించమంటారా?" అని. ఫ్యాన్ల లెక్క దగ్గర మొదలుపెడితే డబ్బు పోతుంది గానీ వేడి పోదు. ముందు గాలి లోపలికి రావడానికి, బయటికి పోవడానికి దారి ఉందో లేదో చూడాలి. ఫ్యాన్ సంగతి ఆ తర్వాత. కింది జవాబులన్నీ ఈ వరసలోనే ఆలోచించి రాసినవి.

ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది. భయపడాలా?

ముందు గది ఎంత వేడిగా ఉందో చెప్పండి. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా ప్రాసెసర్‌ని గది వేడి కంటే కిందికి దించలేదు. అది గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంది అన్నదే అసలు లెక్క. డిసెంబర్‌లో గది 25 డిగ్రీలున్నప్పుడు గేమ్ ఆడితే 70 చూపించిన ప్రాసెసర్, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది 40కి చేరితే అదే గేమ్‌కి 85 దగ్గర ఉంటుంది. కూలర్ పాడవలేదు, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోలేదు. తేడా అప్పుడూ ఇప్పుడూ 45 డిగ్రీలే.

యూట్యూబ్‌లో విదేశీ రివ్యూలు చూసి కంగారుపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో కొలుస్తారు. ఇక పైహద్దు విషయానికొస్తే, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో ఎక్కువ మోడళ్లకు 95, ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100. ఆ గీత దగ్గరికొస్తే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుని డిగ్రీలతోపాటు క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ పనిచేసే వేగం) కూడా చూడండి. 85 దగ్గర స్పీడ్ నిలకడగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడే గది కంటే 35, 40 డిగ్రీలు పైన ఉంటే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే.

లోపం కేబినెట్‌దా, కూలర్‌దా? ఎలా తెలుసుకోవాలి?

దీనికి పైసా ఖర్చు లేదు. కేబినెట్ మూసే ఉంచి, మీరు రోజూ ఆడే గేమ్‌నో, వీడియో రెండరింగ్‌నో అరగంట నడపండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ఎంతెంత చూపిస్తున్నాయో రాసుకోండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి, అదే గదిలో అదే పని మళ్లీ అరగంట.

రెండు మూడు డిగ్రీలే తగ్గితే మీ కేబినెట్‌లో గాలి బాగానే ఆడుతోంది. కొత్త ఫ్యాన్లు కొన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ప్రాసెసర్ కూలర్ చిన్నదై ఉండాలి, లేదా దాని రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఉండాలి, లేదా థర్మల్ పేస్ట్ మార్చే టైమ్ వచ్చి ఉండాలి. అలా కాకుండా ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతే లోపలి వేడి గాలి లోపలే తిరుగుతోందన్నమాట. ఫ్యాన్లు, మెష్ (గాలి దూరే జాలీ), కేబినెట్ గురించి ఆలోచించాల్సింది అప్పుడు. ఈ పరీక్ష చేయకుండా ఫ్యాన్లు కొనొద్దనే నా సలహా. ఎందుకంటే చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌తోపాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌దే అయ్యుంటుంది.

అయితే సైడ్ ప్యానెల్ తీసేసే వాడుకోవచ్చుగా?

వద్దు. వారం తిరక్కుండా దుమ్ము పట్టేస్తుంది. చీమలు, బొద్దింకలు, బల్లులు వెచ్చని చోటు వెతుక్కుంటూ వస్తాయి. మదర్‌బోర్డ్ మీద బల్లి షార్ట్ అయితే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే చెప్పనే అక్కర్లేదు.

ఎన్ని ఫ్యాన్లు కావాలి?

దీనికో చిన్న లెక్క ఉంది. కంప్యూటర్ ఎన్ని వాట్ల వేడి పుట్టిస్తోందో దాన్ని 1.76తో గుణించి, లోపలి గాలి బయటి గాలి కంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కినా ఫర్వాలేదో ఆ అంకెతో భాగిస్తే, నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి కావాలో వస్తుంది. ఫ్యాన్ డబ్బా మీద సీఎఫ్‌ఎం అని రాసేది దీన్నే. 400 వాట్లు లాగే గేమింగ్ మెషీన్‌కి 10 డిగ్రీల పెరుగుదల చాలనుకుంటే దాదాపు 70 సీఎఫ్‌ఎం. బ్రౌజింగ్, ట్యాలీ నడిచే 100 వాట్ల ఆఫీస్ మెషీన్‌కి 18 సీఎఫ్‌ఎం సరిపోతుంది.

డబ్బా మీద 56 సీఎఫ్‌ఎం అని ఉన్న ఫ్యాన్ ఒకటిన్నర కొంటే 70 దాటుతుంది కదా అనిపిస్తుంది. అలా జరగదు. ముందు మెష్, దాని వెనక ఫిల్టర్, అడ్డొచ్చే కేబుళ్లు, ఇవన్నీ దాటేసరికి అందులో సగం వస్తే గొప్ప. పైగా ఫ్యాన్‌ని పూర్తి స్పీడ్‌లో ఎవరూ నడపరు. అందుకే గేమింగ్ మెషీన్‌కి ముందు రెండో మూడో, వెనక ఒకటి అనే పాత పద్ధతి ఇప్పటికీ నిలబడింది. ఆఫీస్ మెషీన్‌కి వెనక ఒక్కటి చాలు. అసలు ఫ్యాన్లే లేని చోట రెండు పెడితే వచ్చే మార్పు పెద్దది. మూడున్న చోట ఇంకో మూడు పెడితే ఒకటీ రెండు డిగ్రీలు. ఆ డబ్బు ప్రాసెసర్ కూలర్ మీద పెట్టడం మేలు.

ముందు అద్దం ఉన్న ఆర్‌జీబీ (రంగు లైట్ల) కేబినెట్ కొన్నాను. మూడు ఫ్యాన్లున్నా వేడి తగ్గట్లేదు. ఎందుకు?

గాలి ఎక్కణ్నుంచి రావాలి మరి? వంటింట్లో కిటికీలు, తలుపులు అన్నీ బిగించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ పోతుందా? ముందు మొత్తం అద్దం పెట్టి, పక్కన వేలెడు సందు వదిలిన కేబినెట్‌లో జరిగేది అదే. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, గాలి మాత్రం ఆ సందులోంచి ఎంత దూరితే అంతే. చాలక అవి లోపలి వేడి గాలినే మళ్లీ లాగి తిప్పుతుంటాయి.

ముందు ప్యానెల్ ఒక్కటి ఊడదీసి పైన చెప్పిన పరీక్ష చేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే దోషం అద్దానిదే. ప్యానెల్ క్లిప్పులతో బిగించిన రకమైతే, ఫ్రేమ్‌కీ దానికీ మధ్య చిన్న రబ్బరు ముక్కలు పెట్టి సందు పెంచినా ఫలితం కనిపిస్తుంది. చూడ్డానికి ఏమంత బాగోదు, కానీ పని చేస్తుంది. కొత్తగా కొనేవాళ్లకైతే ఒకటే మాట: ముందు మెష్ ఉన్నది తీసుకోండి. ఆ మెష్ వెనక లైటు పడితే అవతలి పక్క కనిపించాలి. కొన్నింటికి పైకి మెష్ డిజైన్ ఉంటుంది, వెనక ప్లాస్టిక్ రేకు ఉంటుంది. షాపులోనే వేలు పెట్టి చూసుకోండి.

ముందూ పక్కా రెండూ అద్దాలే ఉన్న చేపల తొట్టి తరహా కేబినెట్ల సంగతి వేరు. వాటిలో గాలి అడుగు నుంచి, మదర్‌బోర్డ్ పక్కనుండే గోడ నుంచి వచ్చేలా చేస్తారు. అడుగున ఫ్యాన్లు పెడితే గ్రాఫిక్స్ కార్డ్‌కి నేరుగా చల్లగాలి తగులుతుంది కాబట్టి బాగానే పనిచేస్తాయి. అడుగు ఖాళీగా వదిలేస్తేనే ఇబ్బంది.

ఫ్యాన్ గాలిని ఎటు తోస్తుందో ఎలా తెలుస్తుంది?

మామూలు ఫ్యాన్‌లో మోటారును పట్టుకునే ప్లాస్టిక్ కాళ్లు ఒక పక్క ఉంటాయి. స్టిక్కర్ కూడా చాలావాటికి అటే ఉంటుంది. గాలి ఆ పక్క నుంచి బయటికి వస్తుంది. ముందు ఫ్యాన్లకు కాళ్లు లోపలి వైపు, వెనక ఫ్యాన్‌కి కాళ్లు బయటి వైపు ఉండాలి. కొన్నింటికి ఫ్రేమ్ మీద బాణం గుర్తు ఉంటుంది. చేపల తొట్టి కేబినెట్ల కోసం వచ్చే రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు దీనికి తిరగబడి పనిచేస్తాయి, వాటితో జాగ్రత్త.

అనుమానం ఉంటే అగరుబత్తి వెలిగించండి. ముందు మెష్‌కి జానెడు దూరంలో పట్టుకుంటే పొగ తిన్నగా లోపలికి పోవాలి. వెనక పట్టుకుంటే దూరంగా ఎగిరిపోవాలి. వెనక బయటికి పోయిన పొగ చుట్టూ తిరిగి ముందుకొచ్చి మళ్లీ లోపలికే పోతుంటే మీరు కంప్యూటర్‌ని గోడకో టేబుల్ అరకో మరీ దగ్గరగా ఇరికించారన్నమాట. నిమిషం చూసి ఆర్పేయండి, బూడిద మెష్ మీద రాలనివ్వొద్దు.

పాజిటివ్ ప్రెషర్, నెగటివ్ ప్రెషర్ అంటారు. ఏది మంచిది?

లోపలికి తోసే గాలి ఎక్కువైతే పాజిటివ్, బయటికి లాగేది ఎక్కువైతే నెగటివ్. వేడి పరంగా రెంటికీ పెద్ద తేడా ఉండదు. తేడా దుమ్ములో వస్తుంది. నెగటివ్‌లో ప్రతి స్క్రూ కన్నం నుంచి, ప్రతి సందు నుంచి ఫిల్టర్ లేని గాలి లోపలికి దూరుతుంది. రోడ్డు పక్క ఇళ్లకి, కాలనీలో ఏదో ఒక కట్టుబడి నడుస్తూనే ఉండే మన ఊళ్లకి కాస్త పాజిటివే నయం. ముందు ఫిల్టర్ ఉన్న ఫ్యాన్లు రెండు, వెనక ఒకటి ఉంటే అదే కుదురుతుంది. కాకపోతే ఫిల్టర్ కడగడం మానేస్తే ఆ పాజిటివ్ కాస్తా నెలలోనే నెగటివ్ అయిపోతుంది.

డబ్బా మీద సీఎఫ్‌ఎం, స్టాటిక్ ప్రెషర్ అంకెల్లో దేన్ని నమ్మాలి?

రెంటినీ కలిపి చూడాలి. సీఎఫ్‌ఎం అనేది ముందు ఏ అడ్డూ లేనప్పుడు వచ్చే గాలి. స్టాటిక్ ప్రెషర్ అనేది దారి పూర్తిగా మూసేస్తే ఫ్యాన్ ఎంత బలంగా తోయగలదో చెప్పే అంకె. మీ కేబినెట్‌లో ఈ రెండు పరిస్థితుల్లో ఏదీ ఉండదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. మెష్, ఫిల్టర్, లిక్విడ్ కూలర్ రేడియేటర్ లాంటి అడ్డున్న చోట ప్రెషర్ అంకె ఎక్కువ పనికొస్తుంది. వెనక ఎగ్జాస్ట్‌కి అంత పట్టింపు లేదు.

ఉదాహరణకి ఆర్కటిక్ పీ12 ఫ్యాన్ 1800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 56.3 సీఎఫ్‌ఎం, 2.2 మిల్లీమీటర్ల (నీటి మట్టం కొలతలో) ప్రెషర్ ఇస్తుందని కంపెనీ చెబుతుంది. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా వాళ్ల ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25కి 2000 ఆర్‌పీఎం దగ్గర 60.1 సీఎఫ్‌ఎం, 2.34 మిల్లీమీటర్లు. అంకెల్లో ఇంతే తేడా, ధరలో మాత్రం రెండోది కొనే డబ్బుతో మొదటివి మూడు నాలుగు వస్తాయి. నాక్టువా చప్పుడు తక్కువ, తయారీ గొప్పగా ఉంటుంది, నిజమే. పడగ్గదిలో రాత్రిపూట రికార్డింగ్ చేసుకునేవాళ్లకు ఆ డబ్బు తగును. మిగతా అందరికీ ఆర్కటిక్ తరహా ఫ్యాన్ చాలు.

ప్రెషర్ అంకె అసలే ఇవ్వని ఫ్యాన్‌ని లైట్లు చూసి కొనకండి. చుట్టూ ఎల్‌ఈడీ రింగ్ ఉన్న ఫ్యాన్లలో ఆ రింగ్‌కి చోటిచ్చేందుకు రెక్కల్ని కురచ చేస్తారు, ఆ మేరకు గాలి తగ్గుతుంది.

120 మిల్లీమీటర్లా, 140దా?

కేబినెట్‌లో 140 పడితే 140 పెట్టండి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది, చప్పుడు తక్కువ. స్క్రూ కన్నాల దూరం రెంటికీ వేరు (120కి 105 మిల్లీమీటర్లు, 140కి 124.5) కాబట్టి కేబినెట్ వివరాలు చూసుకుని కొనాలి.

3 పిన్, 4 పిన్, మోలెక్స్. ఏది తీసుకోవాలి?

4 పిన్. అందులో నాలుగో తీగ మీద మదర్‌బోర్డ్ నుంచి స్పీడ్ ఆదేశం వెళ్తుంది, దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. 3 పిన్ ఫ్యాన్‌కి ఓల్టేజ్ తగ్గించి స్పీడ్ తగ్గించాలి. అదీ పనికొస్తుంది, కానీ బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) ఆ హెడర్‌ని (ఫ్యాన్ ప్లగ్ గుచ్చే పిన్నుల్ని) డీసీ మోడ్‌లో పెట్టాలి. పెట్టకపోతే ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో రొద పెడుతుంది. "కొత్త ఫ్యాన్ గోల గోలగా ఉంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ ఒక్క సెట్టింగే. నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) నుంచి కరెంటు తీసుకునే మోలెక్స్ ఫ్యాన్‌కి స్పీడ్ కంట్రోలే ఉండదు.

తక్కువ ధరకి మూడు ఫ్యాన్లు, ఒక హబ్ (ఫ్యాన్లన్నీ గుచ్చే చిన్న పెట్టె), ఒక రిమోట్ కలిపి అమ్మే కిట్లు కొన్నింటికి 6 పిన్ ప్లగ్ ఉంటుంది. అది ఆ హబ్‌కి తప్ప దేనికీ పట్టదు. హబ్ పోతే ఫ్యాన్లు కూడా పోయినట్టే. వీటిలో చాలావాటికి రిమోట్‌తో లైట్లు మారతాయి గానీ వేడిని బట్టి స్పీడ్ మారదు.

మదర్‌బోర్డ్‌లో ఒక్కో ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. మామూలు 120 ఫ్యాన్ 0.1 నుంచి 0.3 మధ్య లాగుతుంది కాబట్టి స్ప్లిటర్‌తో రెండు మూడు కలపొచ్చు. అంతకంటే ఎక్కువైతే ఎస్‌ఎంపీఎస్ నుంచి సాటా ప్లగ్‌తో కరెంటు తీసుకునే హబ్ కొనండి. లైట్ల ప్లగ్గుల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఏఆర్‌జీబీ అంటే 5 ఓల్టులు, 3 పిన్నులు. మామూలు ఆర్‌జీబీ 12 ఓల్టులు, 4 పిన్నులు. 5 ఓల్టులది బలవంతంగా 12లో గుచ్చితే లైట్లు అక్కడికక్కడే మాడిపోతాయి.

చప్పుడు తగ్గాలంటే?

ఫ్యాన్ స్పీడ్ సగం చేస్తే గాలి సగం అవుతుంది, చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. అదే స్పీడ్‌లో తిరిగే రెండో ఫ్యాన్ పక్కన పెడితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే గింగిరాలు తిరిగే ఒక్క ఫ్యాన్ కంటే నిదానంగా తిరిగే రెండు మూడు ఫ్యాన్లు అదే గాలిని చాలా తక్కువ చప్పుడుతో ఇస్తాయి. ఎక్కువ ఫ్యాన్లు పెట్టడానికి నాకు నచ్చే కారణం ఇదొక్కటే.

ఇంకో చిరాకు: బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ గుయ్‌మని లేచి తగ్గడం. ప్రాసెసర్ వేడి సెకనులో 15 డిగ్రీలు ఎగిరి పడిపోతుంటుంది, ఫ్యాన్ దాన్ని వెంబడిస్తుంది. బయోస్‌లో స్పీడ్ మారడానికి కాస్త ఆలస్యం పెట్టే ఆప్షన్ ఉంటుంది, ఐదారు సెకన్లు పెట్టండి. గేమ్స్ ఆడేవాళ్లు ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కేబినెట్ ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డ్ వేడికి ముడిపెడితే ఇంకా బాగుంటుంది. ఎక్కువ వేడి పుట్టేది అక్కడే మరి.

బేరింగ్ రకం పట్టించుకోవాలా?

కేబినెట్ పైకప్పుకో అడుగుకో పడుకోబెట్టి బిగిస్తే తప్పకుండా. చవక స్లీవ్ బేరింగ్ ఆ స్థితిలో త్వరగా అరుగుతుంది, ఎండలకు లోపలి నూనె కూడా ఆరిపోతుంది. కరకరమనే చప్పుడు మొదలైందంటే దాని రోజులు దగ్గరపడ్డాయి. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని రాసి ఉన్నది తీసుకోండి.

పైన రెండు మూడు ఫ్యాన్ల చోటు ఉంది. అన్నీ నింపాలా?

వెనకవైపు దగ్గరగా ఒకటి చాలు. ముందువైపు దగ్గరున్న పై ఫ్యాన్ బయటికి లాగితే, ఇప్పుడే లోపలికొచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా చేరనివ్వకుండా మధ్యలోనే ఎత్తుకుపోతుంది. లిక్విడ్ కూలర్ రేడియేటర్ పైన పెడితే మాత్రం దాని ఫ్యాన్లన్నీ ఉండాల్సిందే.

గదిలో ఎయిర్ కూలర్ ఉంది. కంప్యూటర్ వైపు తిప్పవచ్చా?

తిప్పొద్దు. గడ్డి కూలరైనా, హనీకోంబ్ ప్యాడ్ల కూలరైనా గాలితోపాటు సన్నని తుంపర్లు కూడా వస్తాయి. బోరు నీళ్లు పోసి నడిపే ఇళ్లలో ఆ తుంపరలో ఉప్పు, సున్నం ఉంటాయి. తడి ఆరిపోయాక బోర్డు మీద, కూలర్ రెక్కల మీద తెల్లటి పొర మిగులుతుంది. దాని మీద దుమ్ము పడితే బురదలా అతుక్కుంటుంది, బ్లోవర్‌కి కూడా లొంగదు. కూలర్‌ని గదికి ఒక మూల, కంప్యూటర్‌ని ఇంకో మూల ఉంచి, కిటికీ తెరిచి పెట్టండి. గది నాలుగు డిగ్రీలు చల్లబడితే ప్రాసెసర్ కూడా సుమారుగా అంతే చల్లబడుతుంది, అది ఉచితంగా వచ్చిన లాభం.

ఏసీ గదిలో లోపల నీరు పడుతుందేమోనని భయపడక్కర్లేదు. నడుస్తున్న కంప్యూటర్ లోపలి భాగాలు గది గాలి కంటే వేడిగానే ఉంటాయి, వాటి మీద చెమ్మ పట్టదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవాళ్ల బాధ వేరు. ఉప్పు గాలికి స్క్రూలు, కాంటాక్టులు తుప్పు పడతాయి. అక్కడ కంప్యూటర్‌ని నెలల తరబడి ఆపేసి ఉంచడం మంచిది కాదు. అప్పుడప్పుడూ గంటో రెండు గంటలో నడుపుతుంటే లోపలి చెమ్మ ఆరుతుంది.

కంప్యూటర్ టేబుల్ కింది అరలో పెట్టాం. ఫర్వాలేదా?

వెనక చెక్క ఉంటే తీసేయండి, లేదా కంప్యూటర్‌ని బయటికి లాగండి. వెనక గోడకి కనీసం జానెడు ఖాళీ ఉండాలి. నేల మీద పెడితే కింద చెక్క పీట వేయండి. చీపురు పట్టినప్పుడు లేచే దుమ్మంతా నేరుగా ఎస్‌ఎంపీఎస్ కింది ఫిల్టర్‌లోకే పోతుంది. దుమ్ము పడుతుందని గుడ్డ కవర్ తొడిగి, దాన్ని తీయకుండానే ఆన్ చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ కవర్ ఆఫ్ చేశాక, వేడి తగ్గాక తొడిగేది.

ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ పైకి చూడాలా, కిందికా?

అడుగున ఫిల్టర్ కన్నాలుంటే కిందికి, లేకపోతే పైకి. అది తిరగట్లేదని కంగారుపడి విప్పొద్దు. కొన్ని మోడళ్లలో లోడ్ తక్కువున్నప్పుడు ఫ్యాన్ ఆగే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుల్లోనూ అంతే. ప్లగ్ తీశాక కూడా ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

ఇన్ని ఫ్యాన్లు తిరిగితే కరెంటు బిల్లు?

ఒక్కోటి 2 వాట్లు అనుకుందాం. మూడు ఫ్యాన్లు రోజుకి 8 గంటలు తిరిగితే నెలకి యూనిటున్నర లోపే.

శుభ్రం ఎలా, ఎన్నాళ్లకి?

ఫిల్టర్లు ఎండాకాలంలో రెండు మూడు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. లోపలి భాగం మూడు నాలుగు నెలలకోసారి. ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోవర్ కొట్టండి. రెక్కని వేలితో పట్టుకునే కొట్టాలి. వదిలేస్తే ఫ్యాన్ దాని హద్దు దాటి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది, పైగా మోటారు జనరేటర్‌లా పనిచేసి బోర్డులోకి ఓల్టేజ్ పంపే ప్రమాదం ఉంది. ప్రాసెసర్ కూలర్‌ని ఫ్యాన్ విప్పి చూడండి. పైకి శుభ్రంగా కనిపించినా, ఫ్యాన్‌కీ రెక్కలకీ మధ్య దూది పరుపులా దుమ్ము పేరుకుని ఉంటుంది. తడిగుడ్డ మాత్రం లోపలికి పోనివ్వొద్దు.

సెకండ్ హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్ కొని గ్రాఫిక్స్ కార్డ్ వేశాను. దానికి ఫ్యాన్ ఎలా పెట్టాలి?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇలాంటివి కొనేవాళ్లు చాలామంది. చవక, గట్టివి కూడా. కానీ బ్రాండెడ్ ఆఫీస్ మెషీన్లు కొన్నింటిలో ఫ్యాన్ ప్లగ్ మామూలు 4 పిన్ కాదు, కంపెనీ సొంతది. వాటి ఫ్యాన్ తీసేసి బయటి ఫ్యాన్ పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ ఎర్రర్ చూపించి ఆగుతాయి. కాబట్టి ఉన్న ఫ్యాన్‌ని కదపొద్దు. ముందు భాగంలో 80 లేదా 92 మిల్లీమీటర్ల చోటు ఉందేమో చూసి, ఉంటే అదనంగా ఒక ఫ్యాన్ పెట్టి, సాటా నుంచి కరెంటు తీసుకునే చిన్న హబ్‌కి కలపండి. మదర్‌బోర్డ్ నుంచి స్పీడ్ ఆదేశం ఉండదు కాబట్టి మొదటే తక్కువ ఆర్‌పీఎం ఉన్నది ఎంచుకోండి. చోటు అసలే లేకపోతే కార్డ్ పక్కనున్న ఖాళీ స్లాట్ల వెనక రేకులు తీసేయండి. కార్డ్ వదిలే వేడిలో కొంత ఆ కన్నాల్లోంచి బయటికి పోతుంది.